జాన్ బెట్జెమన్ టెలివిజను చిత్రములు: స్థలవర్ణనమున ఒక కవిమార్గము

ఇరువదవ శతాబ్దపు ఆంగ్లకవులలో జాన్ బెట్జెమన్ స్థానమును గూర్చి విమర్శకులలో ఏకాభిప్రాయము లేదు. 1958లో వెలువడిన ఆయన పద్యసంపుటి లక్షకు పైగా ప్రతులు చెల్లినది. కవిత్వము చదువు అలవాటు లేనివారు సైతము దానిని కొని చదివిరి. పండితులలో పలువురు మాత్రము ఆ పద్యములు మిక్కిలి సుబోధములనియు, పాత ఛందస్సులను విడువనివనియు, గంభీరార్థము కొఱవడినవనియు చిన్నచూపు చూచిరి. ఈ వాదప్రతివాదముల నడుమ ఆయన కృషిలో ఒక ప్రధానభాగమునకు సాహిత్యచరిత్రలో తగినంత చోటు దొరకలేదు. 1950వ దశకము నడిమినుండి 1983 వరకు బ్రిటనులోని భవనములను, రైలుమార్గములను, ఊళ్లను గూర్చి ఆయన వ్యాఖ్యానము వ్రాసి, స్వయముగా చదివి, తెరపై కనిపించిన టెలివిజను చిత్రములే ఆ భాగము.

ఈ చిత్రములను కవిజీవితమున ఒక వినోదవ్యాపారముగా తలచుట పరిపాటి. మేము అట్లు తలచుట లేదు. వానిలోని వ్యాఖ్యానము కవిరచనలో అంతర్భాగమే యనియు, అది కూలిపోవనున్న కట్టడములను నిలుపుటలో పలుమాఱులు విఫలమైనను, ప్రజలు తమ పరిసరములను చూచు చూపును మార్చుటలో సఫలమైనదనియు మా అభిప్రాయము. ఆ అభిప్రాయమునకు ఆధారములైన విషయములను కాలక్రమమున పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

బెట్జెమన్ 1906 ఆగస్టు 28న లండనులో జన్మించెను. తండ్రి ఎర్నెస్టు గృహాలంకరణ వస్తువులను తయారుచేయు వంశపారంపర్య సంస్థను నడపుచుండెను. కుమారుడు ఆ వృత్తిని స్వీకరింపలేదు. హైగేటు పాఠశాలలో ఆయనకు కొంతకాలము ఉపాధ్యాయుడుగా ఉన్నవాడు టి. ఎస్. ఎలియట్. ఆక్స్‌ఫర్డులో గురువు సి. ఎస్. లూయిస్. అచ్చట తప్పనిసరియైన మతగ్రంథ పరీక్షలో తప్పి, పట్టము లేకయే విశ్వవిద్యాలయమును వీడెను. 1930లో ఆర్కిటెక్చరల్ రివ్యూ అను వాస్తుపత్రికలో సహాయసంపాదకుడుగా చేరెను. షెల్ చమురుసంస్థ మోటారు యాత్రికులకొఱకు ప్రకటించిన జిల్లాదర్శినులలో మొదటిదియగు కార్న్‌వాల్ సంపుటమును 1934లో వెలువరించెను. 1969లో సర్ బిరుదమును, 1972లో ఆస్థానకవి పదవిని పొంది, 1984 మే 19న కార్న్‌వాల్‌లో కాలధర్మము చెందెను. ఆయన భార్య పెనెలొపి, భారత సర్వసేనానిగా ఉండిన ఫిలిప్ చెట్‌వుడ్ కుమార్తె. 1972లో కులూ లోయను గూర్చి గ్రంథము ప్రకటించి, 1986లో హిమాచల ప్రదేశమున యాత్ర చేయుచుండగనే మరణించెను. స్థలమును నడచి తెలిసికొనవలెనను నియమము ఆ దంపతులు ఇరువురకును ఉన్నదనుటకు ఇది చాలును.

ఈ చిత్రముల విలువను గ్రహించుటకు ముందు నాటి పరిస్థితిని తెలిసికొనవలెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము బ్రిటను నగరములు పునర్నిర్మాణమునకు పూనుకొనినవి. విక్టోరియా రాణి కాలపు కట్టడములనిన అప్పటి విద్యావంతులకు ఏవగింపు. అవి అలంకారభారముతో నిండి, పొగపట్టి, వికారముగా ఉన్నవని సామాన్యాభిప్రాయము. చట్టము సైతము బలహీనము. ఒక భవనము రక్షిత భవనముల జాబితాలో చేరినను, యజమాని ముందుగా తెలియజేసి దానిని కూల్చుటకు వీలుండెను. ప్రభుత్వము అడ్డుపడిననే అది ఆగును. జాబితాలోని భవనమును కూల్చుటకు ప్రత్యేకానుమతి పొందవలెనను నియమము 1968 నాటి శాసనముతో గాని రాలేదు. ఇట్టి దశలో, 1958లో, విక్టోరియా యుగపు కళావాస్తువుల రక్షణకై విక్టోరియన్ సొసైటీ ఏర్పడెను. దాని స్థాపకులలో బెట్జెమన్ ఒకడు.

ఆ సంఘము ఎదుర్కొనిన తొలి పెద్ద పరీక్ష యూస్టన్ తోరణము. 1837లో ఫిలిప్ హార్డ్‌విక్ గ్రీకు దేవాలయద్వారమును తలపించునట్లు నిర్మించిన ఈ డోరిక్ శిలాద్వారము లండను-బర్మింగ్‌హామ్ రైలుమార్గమునకు ముఖద్వారము. స్టేషనును విస్తరింపవలెనని రైల్వే అధికారులు దానిని తొలగింప నిశ్చయించిరి. బెట్జెమన్, ఆయన మిత్రులు వ్రాసిరి, మాటలాడిరి, విన్నవించిరి. ప్రధానమంత్రి మాక్‌మిలన్ ప్రభుత్వము కరుణింపలేదు. 1961 చివర ఆరంభమైన కూల్చివేత 1962లో ముగిసినది. తోరణపు రాళ్లలో అనేకము తూర్పు లండనులోని ఒక కాలువ అడుగున గుంతలు పూడ్చుటకు వాడబడినవని 1994లో తేలినది. ఒక యుగపు రైల్వే గర్వమునకు చిహ్నమైన శిల నీటి క్రింద పూడికరాయి యగుట కంటె కఠినమైన వ్యాఖ్యానము మఱియొకటి ఉండదు.

యూస్టన్ పరాజయమునకు పిమ్మట ఒక విషయము స్పష్టమైనది. పత్రికలకు లేఖలు వ్రాయు కొలది మంది విద్వాంసులు చాలరు; భవనము పక్కనే నివసించుచు దానిని ఏనాడును తలయెత్తి చూడని సామాన్యుడు దానిని చూడవలెను. అట్టి సామాన్యుని ఇంటిలోనికి పోగల సాధనము అప్పటికే సిద్ధముగా ఉన్నది. బి. బి. సి. 1936 నవంబరులోనే నియతమైన టెలివిజను ప్రసారములను ఆరంభించి యుండెను. 1955లో వాణిజ్య టెలివిజను సైతము వచ్చినది. ఆ సంవత్సరముననే షెల్ సంస్థ వ్యయముతో బెట్జెమన్ బ్రిటనును కనుగొను పేరిట కొన్ని నిమిషముల నిడివిగల చిన్న చిత్రములకు వ్యాఖ్యానము చెప్పసాగెను. తాను వ్రాసిన జిల్లాదర్శినుల పద్ధతినే ఆయన ఇచ్చట తెరకు ఎక్కించెను.

రైలుచిత్రములలో మనకు ముఖ్యమైనవి రెండు. మొదటిది 1962 నాటిది. నార్ఫక్ జిల్లాలోని కింగ్స్ లిన్ నుండి సముద్రతీరమందలి హన్‌స్టంటన్ వరకు పోవు శాఖామార్గమున కవి ప్రయాణము చేయును. సాండ్రింగ్‌హామ్ రాజభవనమునకు దిగు వుల్ఫర్టన్ స్టేషనును, స్నెటిషామ్ స్టేషనును అందు చూపును. రెండవది 1963లో ప్రసారమైనది. సోమర్‌సెట్ మైదానముల మీదుగా ఎవర్‌క్రీచ్ జంక్షను నుండి తీరము చేరు మార్గము దాని విషయము. రెండింటను కథ యనదగినది లేదు. ఒక బండి బయలుదేఱును, ఆగును, మరల కదలును. దీపస్తంభము, టిక్కెట్ల కిటికీ, ప్లాటుఫారము అంచున పూలమడి, చూరునకు చెక్కిన కొయ్య అంచు: ఇవియే పాత్రలు.

ఈ చిత్రములు వెలువడిన కాలమును గమనింపవలెను. 1963 మార్చి 27న బ్రిటిషు రైల్వేల అధ్యక్షుడు డాక్టర్ రిచర్డ్ బీచింగ్ తన నివేదికను ప్రకటించెను. నష్టములను తగ్గించుటకై 2,363 స్టేషనులను, సుమారు 5,000 మైళ్ల మార్గమును మూసివేయవలెనని అందు సూచింపబడెను. నివేదిక యొక్క తర్కము సంఖ్యలది: ఏ స్టేషనున ఎందఱు ఎక్కిరి, ఎంత ధనము వచ్చినది, ఎంత వ్యయమైనది. ఆ లెక్క తప్పని బెట్జెమన్ మరియొక లెక్క వేసి చూపలేదు. ఆ పట్టికలలో గడి లేని విషయములను చూపెను. ఊరికి స్టేషను ఒక వాకిలి. అచ్చట పనిచేయువారు ఊరి మనుష్యులు. ఆ మార్గము వెంట కనిపించు పొలము మోటారు రహదారినుండి కనిపించు పొలము కాదు. అయినను సోమర్‌సెట్ మార్గము 1966 మార్చిలో మూతపడినది. హన్‌స్టంటన్ మార్గము 1969 మేలో మూతపడినది. కవి వాక్కు ఒక్క మైలు పట్టానైనను ఆపలేకపోయినది. కాని ఆ రెండు మార్గములును నడచుచుండగా ఎట్లుండెనో నేడు తెలియగోరువాడు చూడదగిన ప్రమాణములలో ఆ చిత్రములు ముఖ్యములు. ఉద్యమమునకై చేసిన పని ఇట్లు చరిత్రకు సాక్ష్యమైనది.

ఆ సాక్ష్యమునకును నాశభయము తప్పలేదు. 1962 మొదలు 1964 వరకు టి. డబ్ల్యు. డబ్ల్యు. అను ప్రాంతీయ వాణిజ్య సంస్థకై బెట్జెమన్ పశ్చిమ ఇంగ్లండు పట్టణములను గూర్చి కొన్ని చిత్రములు చేసెను. బాత్ వంటి ప్రఖ్యాతనగరముతో పాటు క్లీవ్‌డన్, డివైజెస్, మామ్స్‌బరీ వంటి చిన్నపట్టణములును, యాత్రికులు దిగక దాటిపోవు స్విండన్ వంటి రైలుకర్మాగారపు ఊరును వానిలో కలవు. సిడ్మత్ పట్టణచిత్రమునకు ఆయన పద్యములోనే వ్యాఖ్యానము కూర్చెను. 1968లో ఆ సంస్థ ప్రసారాధికారమును కోల్పోయి మూతపడినది. చిత్రములు కనుమఱుగై, పోయినవనియే తలపబడినవి. పిదప దొరకి, 1994లో "పోయిన బెట్జెమన్లు" అను అర్థము వచ్చు పేరుతో మరల ప్రసారమైనవి. ఊళ్లు మాఱిపోవుచున్నవని హెచ్చరించిన చిత్రములు ఆ ఊళ్లకంటె ముందే మాయమగుట పరిశోధకులకు ఒక పాఠము. తాళపత్రమునకు చెదలు, చిత్రపుచుట్టకు ఉపేక్ష; రెండింటి ఫలము ఒక్కటియే.

ఇక వ్యాఖ్యానరూపమును గూర్చి. చలనచిత్రమునకు పద్యవ్యాఖ్యానము చేర్చుట బెట్జెమన్ కనుగొనినది కాదు. 1936లో బ్రిటిషు తపాలాశాఖ చిత్రవిభాగము నిర్మించిన నైట్ మెయిల్ చిత్రమునకు డబ్ల్యు. హెచ్. ఆడెన్ పద్యము వ్రాసెను; బెంజమిన్ బ్రిటెన్ సంగీతము కూర్చెను. అచ్చట పద్యపు నడక రైలుచక్రముల నడకను అనుకరించును. మాట యంత్రముతో పరుగెత్తును. బెట్జెమన్ మార్గము వేఱు. ఆయన పద్యము చిత్రమునకు చోటిచ్చును. దృశ్యము చెప్పినదానిని మరల చెప్పదు. ప్రేక్షకుడు చూడక జారవిడుచు వస్తువు వైపు కన్నును త్రిప్పి, మౌనము వహించును.

ఈ నేర్పు 1969 నుండి 1971 వరకు బి. బి. సి. ప్రసారము చేసిన "విహంగ దృష్టి" వరుసలో బాగుగ కనిపించును. హెలికాప్టరు నుండి తీసిన ఆ చిత్రములలో మూడింటికి బెట్జెమన్ వ్యాఖ్యాత: ఆంగ్లేయుని గృహము, సముద్రతీర విహారము, ఋతువుల భూమి అనునవి వాని విషయములు. ఆకాశమునుండి చూచునపుడు కోట, ప్రభువుల సౌధము, కార్మికుల వరుస ఇండ్లు, కొత్తగా లేచిన ఎత్తైన నివాసగోపురములు అన్నియు ఒకే నేల మీది గీతలుగా కనబడును. గద్యవ్యాఖ్యానమైన ఈ దూరము వలన నిర్జీవమగును. పద్యపు లయ ఆ దూరమును తగ్గించి, క్రింద మనుష్యులున్నారను స్మృతిని నిలుపును.

ఈ వరుసలో పనిచేసిన దర్శకుడు ఎడ్వర్డ్ మిర్జోయెఫ్ తోడనే బెట్జెమన్ తన ఉత్తమకృతి యనదగిన మెట్రోలాండ్ చిత్రమును చేసెను. అది 1973 ఫిబ్రవరి 26న ప్రసారమైనది. దాని నేపథ్యము ఆసక్తికరము. లండనులో 1863 జనవరి 10న ఆరంభమైన మెట్రోపాలిటన్ రైల్వే ప్రపంచమున మొట్టమొదటి భూగర్భ రైలుమార్గము. అది క్రమముగా నగరమును దాటి వాయవ్యదిశగా పల్లెలలోనికి పోయినది. మార్గమునకు మిగిలిన భూమిని అమ్ముకొనక ఉంచుకొను అధికారము ఆ సంస్థకు కలదు. ఆ భూముల పక్కన ఇండ్లు కట్టించి, అందు చేరినవారిని తన బండ్లలో నగరమునకు మోయవచ్చునని సంస్థ గ్రహించెను. 1915లో దాని ప్రచారశాఖ ఈ ప్రాంతమునకు మెట్రోలాండ్ అను పేరు పెట్టినది. ఆ పేరుతో 1932 వరకు ఏటేట ఒక దర్శిని వెలువడెను. 1919లో గృహనిర్మాణమునకై వేఱుగా ఒక సంస్థ ఏర్పడినది. పచ్చికయు తోటయు కల చిన్న ఇల్లు, నగరమున ఉద్యోగము, నడుమ రైలు: ఇదియే ఆ ప్రకటనల స్వప్నము.

చిత్రము ఈ రైలు వెంట బేకర్ స్ట్రీటు నుండి బయలుదేఱును. సెంట్ జాన్స్ వుడ్, నీస్డన్, వెంబ్లీ, హారో, పిన్నర్, మూర్ పార్కు, చోర్లీవుడ్, అమర్షమ్: స్టేషనుల వరుసయే కథానుక్రమము. వెంబ్లీ క్రీడాస్థలమున నిలిచి కవి సర్ ఎడ్వర్డ్ వాట్కిన్ గోపురమును తలచును. పారిసు నగరపు ఐఫెల్ గోపురమును మించవలెనని రైల్వే అధ్యక్షుడు వాట్కిన్ ఆరంభించిన ఆ కట్టడము మొదటి అంతస్తు వద్దనే ఆగి, 1907లో కూల్చివేయబడినది. అదే స్థలమున క్రీడాప్రాంగణము లేచినది. 1924-25లలో అచ్చట జరిగిన బ్రిటిషు సామ్రాజ్య ప్రదర్శనమును గూర్చియు కవి మాటలాడును. ఆ ప్రదర్శనమున భారతదేశమునకు గుమ్మటములు కల ఒక మండపము నిర్మింపబడెను. సామ్రాజ్యము చిరకాలముండునని నమ్మిన ఆ ప్రదర్శనపు మండపములు చిత్రము నాటికే చాలవఱకు మాసిపోయినవి. కవి దీనిపై ఉపన్యాసము చేయడు. మిగిలిన గోడను చూపి కదలును.

హారో వీల్డులో నార్మన్ షా నిర్మించిన గ్రిమ్స్ డైక్ అను భవనము, చోర్లీవుడ్‌లో సి. ఎఫ్. ఎ. వోయ్సీ తనకొఱకు 1900 ప్రాంతమున కట్టుకొనిన ఆర్చర్డ్ అను ఇల్లు, అమర్షమ్‌లో అమియస్ కానెల్ 1930 ప్రాంతమున నిర్మించిన నవీన కాంక్రీటు గృహము: ఈ మూడింటి వరుసలో ఆంగ్ల గృహవాస్తు చరిత్ర యంతయు ఇమిడియున్నది. ప్రభువుల సౌధపు చూరు వోయ్సీ చేతిలో చిన్న ఇంటి చూరైనది. దానిని చూచి వేలకొలది నిర్మాణదారులు గుమాస్తాల ఇండ్లకు అట్టి చూరులనే వేసిరి. పండితుడు ఈ విషయమును పది పుటలలో చెప్పును. కవి మూడు ఇండ్ల ముందు నిలిచి చెప్పెను. అది సంక్షేపమే కాని లోపము కాదు.

చిత్రాంతము గంభీరము. అమర్షమ్ దాటిన పిదప మార్గము పూర్వము క్వెయిన్టన్ రోడ్ మీదుగా వెర్నీ జంక్షను వరకు పోయెడిది. 1936లో అచ్చటికి మెట్రోపాలిటన్ ప్రయాణికుల బండ్లు నిలిచిపోయినవి. ఆ స్థలమున ఉపనగరము వెలయవలెనని సంస్థ కలగనెను, వెలయలేదు. కవి గడ్డిలో నిలిచి, ఇచ్చట గెలిచినది పచ్చిక యని సంతసించును. ఇంతవఱకు ఉపనగరమును ప్రేమతో చూపినవాడే అది రానిచోట సంతోషించుట విరుద్ధముగ తోచవచ్చును. ఇది విరోధము కాదని మా తలంపు. రైలు తెచ్చిన ఇల్లు ఎంత ప్రీతికరమైనను, ఆ ఇంటిని కోరింపజేసినది పల్లెయే. ఇండ్లు అంతటను నిండిన పల్లె ఉండదు. మెట్రోలాండ్ స్వప్నము తన మూలమును తానే మ్రింగునను ఎఱుక ఆ చివరి దృశ్యమున కలదు.

1974లో వచ్చిన "చర్చిలపై మక్కువ" అను చిత్రము నార్విచ్ మతమండలమునకు చెందినది. నార్ఫక్ జిల్లాలో 600కు పైగా మధ్యయుగపు చర్చిలు కలవు; వానిలో అనేకము ఊరు చిన్నదై, భక్తులు తగ్గి, పోషణకు కష్టపడుచున్నవి. బెట్జెమన్ చర్చిని శిల్పసంగ్రహముగా చూపలేదు. పెండ్లి, జ్ఞానస్నానము, గంటలు మ్రోగించువారి సాధన, నేల తుడుచు స్త్రీ: వీరి నడుమ రాతికంబములను చూపెను. ఒకచోట వినువారెవరును లేకున్నను పురోహితుడు ఒంటరిగా ప్రార్థన చదువును. జనసంఖ్యతో విలువ కట్టు లెక్కకు ఇంతకంటె సూటియైన సమాధానము లేదు. రైలుచిత్రములలో పదేండ్లకు ముందు చెప్పిన మాటయే ఇచ్చట ఉన్నతస్థాయిలో మరల వినబడినది.

వ్యాఖ్యానరచనా విధానమును గూర్చి ఒక మాట. మెట్రోలాండ్ వంటి చిత్రములకు ముందుగా పద్యము వ్రాసి, దానికి దృశ్యములు సమకూర్చు పద్ధతి కాదు. చిత్రమును కత్తిరించి కూర్చిన పిదప కవి కూర్పుబల్ల వద్ద కూర్చుండి, అదే భాగమును మరల మరల త్రిప్పించి చూచుచు, దృశ్యపు నిడివికి సరిపడు మాటలను కట్టును. క్షణముల లెక్క ఆయనకు గణముల లెక్క. అవధానులను ఎఱిగిన మన పాఠకులకు ఈ నిర్బంధము అపరిచితము కాదు. ఇచ్చిన చోటులో ఒదుగుటయే అందము. ఈ కారణము చేతనే ఆ వ్యాఖ్యానమును కాగితముపై మాత్రమే చదివి తీర్పు చెప్పరాదు.

బెట్జెమన్‌ను నికొలాస్ పెవ్స్‌నర్‌తో పోల్చుట విమర్శకులకు అలవాటు. జర్మనీలో పుట్టి ఇంగ్లండు వచ్చి స్థిరపడిన పెవ్స్‌నర్ 1951 నుండి 1974 వరకు ఇంగ్లండు భవనములను జిల్లాలవారిగా 46 సంపుటములలో వర్ణించెను. ఆయన పుస్తకమున తేదీ, శిల్పి, శైలి కలవు. బెట్జెమన్ చిత్రమున వెలుతురు, వాసన, మనుష్యుడు కలరు. ఇరువురకు పొసగలేదనుట ప్రసిద్ధమే. అయినను ఇద్దఱును విక్టోరియన్ సొసైటీలో ఒకే పక్షమున నిలిచిరి. జాబితా లేని ప్రేమ న్యాయస్థానమున నిలువదు; ప్రేమ లేని జాబితాను ఎవరును తెఱచి చూడరు.

ఆక్షేపణలను దాచరాదు. ఈ చిత్రములు గతముపై మోహముతో వర్తమానమును విస్మరించినవని ఒక ఆక్షేపణ. ఇందు సత్యము కొంత కలదు. 1937లో బెట్జెమన్ స్లౌ అను పారిశ్రామిక పట్టణముపై బాంబులు పడవలెనని కోరుచు పద్యము వ్రాసెను. కొత్త కర్మాగారములలో పనిచేయువారి బ్రతుకుపై అందు కనికరము కంటె పరిహాసమే హెచ్చు. 1973 నాటికి అదే కవి గుమాస్తా ఇంటి ముంగిటి గడ్డిని, కారు కడుగుకొనువానిని నవ్వుచునే ఆదరించుట నేర్చెను. ఆ నడిమి ముప్పదియాఱు సంవత్సరములలో ఈ మార్పునకు టెలివిజను సైతము ఒక కారణమని మా ఊహ. పద్యమున ఊరిని దూరమునుండి తిట్టవచ్చును. కెమెరాతో వెళ్లినవాడు ఆ ఊరివానితో మాటలాడక తప్పదు.

రెండవ ఆక్షేపణ మఱింత బలమైనది. 1972లో ఉగాండానుండి వెడలగొట్టబడిన భారతసంతతివారు వేలకొలదిగా బ్రిటను చేరిరి. వారిలో పలువురు వెంబ్లీ, హారో ప్రాంతములలో స్థిరపడిరి. మరుసటి సంవత్సరము వెలువడిన మెట్రోలాండ్ చిత్రమున ఈ మార్పు విషయము కాలేదు. 1995లో నీస్డన్‌లో స్వామినారాయణ మందిరము వెలసినది. బల్గేరియా సున్నపురాయియు ఇటలీ పాలరాయియు భారతదేశమునకు తెచ్చి, చెక్కించి, లండనునకు చేర్చి దానిని కూర్చిరి. 1924 నాటి భారతమండపము తాత్కాలికము. దాని చేరువనే వెలసిన ఈ ఆలయము స్థిరము. బెట్జెమన్ చూడని మెట్రోలాండ్ ఇది. ఆయన కన్ను ఎంత దూరము పోయినదో, ఎచ్చట ఆగినదో ఈ ఒక్క ఉదాహరణ చెప్పును. అయినను ఉపనగరము సైతము వర్ణనార్హమని ఆయన చూపిన మార్గముననే ఈ కొత్త చరిత్రను వ్రాయవలసి యుండునని మఱువరాదు.

తుదకు సెంట్ పాంక్రస్ స్టేషను. 1868లో విలియమ్ బార్లో నిర్మించిన దాని ఇనుపకప్పు సుమారు 240 అడుగుల వెడల్పును నడుమ కంబము లేకుండ దాటినది. ముందరి హోటలు జార్జ్ గిల్బర్ట్ స్కాట్ రచన. 1966లో దీనిని పొరుగునున్న కింగ్స్ క్రాస్‌తో కలిపి పునర్నిర్మింపవలెనని ప్రతిపాదన వచ్చినది. 1967 నవంబరులో ప్రభుత్వము ఆ కట్టడమును రక్షిత జాబితాలో మొదటి శ్రేణిలో చేర్చెను. బెట్జెమన్ ఒక్కడే దానిని కాపాడెనను లోకప్రవాదము సరికాదు. పెవ్స్‌నర్ మొదలైనవారి కృషి, సంఘపు ఓర్పు, ప్రభుత్వమున వచ్చిన మార్పు అన్నియు కలిసినవి. కాని యూస్టన్ కూలిన ఆఱేండ్లలోనే అట్టి మఱియొక రైల్వే కట్టడమును కూల్చుట అసాధ్యమగునంతగా లోకాభిప్రాయము మాఱినది. ఆ మార్పునకు దోహదము చేసినవారిలో ఇంటింట తెరపై కనిపించిన ఈ కవి అగ్రగణ్యుడు. 2007 నవంబరులో ఆ స్టేషను ఐరోపా రైళ్లకు తెఱవబడినపుడు, టోపీ పట్టుకొని కప్పువైపు తలయెత్తి చూచుచున్న బెట్జెమన్ కంచువిగ్రహము, మార్టిన్ జెన్నింగ్స్ చేసినది, అచ్చట నిలుపబడెను. ప్రయాణికునకు ఆ విగ్రహము చెప్పునది ఒక్కటే: పైకి చూడుము.

మన సాహిత్యమున స్థలవర్ణనకు దీర్ఘచరిత్ర కలదు. స్థలపురాణమున ఊరి మహిమ అచ్చటి దైవమునుండి వచ్చును. 1830-31లలో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య ఊరి మహిమతో పాటు బాటను, బసను, ధాన్యపు ధరను సైతము వ్రాసి ఆ దృష్టిని నేలకు దించెను. మహిమ యేదియు లేని రైలుస్టేషనునకు స్థలపురాణము వ్రాయవచ్చునా యను ప్రశ్నకు బెట్జెమన్ చిత్రములు సమాధానము. అచ్చట నిత్యము దిగి నడచిన మనుష్యుల జీవితమే ఆ స్థలమునకు మహిమ. శాఖామార్గము మూతపడినది, తోరణము నీట కలిసినది, చిత్రములే కొంతకాలము పోయినవి. వాక్కు వీనిని ఆపలేదు. పోయినది ఎంత విలువైనదో తెలిసినవారిని మిగిల్చినది. తరువాతి కట్టడమునకు కావలి కాచినవారు వారే. కావున టెలివిజను వ్యాఖ్యానమును సాహిత్యప్రక్రియగా అంగీకరించి, మూలచిత్రములను చూచి, దృశ్యముతో కలిపి పరిశీలింపవలసినదని పరిశోధక విద్యార్థులకు మా సూచన.